జిప్పుల వదిన ఇంట్లో ఫోన్‌పిల్ల

బస్టాండు మెట్ల కింద, మూడు గోడలూ ఒక షట్టరూ ఉన్న కొట్లో కూర్చుని జిప్పులు బాగుచేసే ఆమెను అందరూ జిప్పుల వదిన అంటారు. ఆమెకంటే పెద్దవాళ్ళూ వదినే అంటారు, పిల్లలూ వదినే అంటారు. పెట్టె పట్టుకుని పరుగెత్తుకొచ్చి "వదినా, బస్సు కదిలిపోతోంది, ఇది మూసుకోవడం లేదు" అంటే చాలు. పెట్టె వాళ్ళ చేతుల్లోంచి లాక్కుని, మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, పళ్ళ మీద నడిచే ఆ బిళ్ళను పట్టకారుతో ఓ నొక్కు నొక్కి, సర్రున లాగి ఇచ్చేస్తుంది. ఈలోగా వాళ్ళు ఎక్కడికి పోతున్నారో, అక్కడ ఎవరున్నారో, వాళ్ళకీ వీళ్ళకీ మాటలున్నాయో లేవో అన్నీ అయిపోతాయి. అడిగేదీ ఆమే, జవాబు చెప్పేదీ ఆమే. "అక్క దగ్గరికేగా? మొహం చూస్తే తెలుస్తోందిలే. మాటా మాటా అనుకున్నారా? అనుకుంటారు మరి." పెట్టె వాళ్ళు తలూపి బస్సెక్కేస్తారు. కాదని చెప్పే తీరిక ఎవరికుంటుంది.

ఇంట్లో కూడా అదే పద్ధతి. ఆ ఇంట్లో ఎవరిని ఏం అడిగినా, దగ్గర ఎవరుంటే వాళ్ళు చెప్పేస్తారు. డాక్టరు పిల్ల గొంతులోకి లైటు వేసి "నొప్పిగా ఉందా" అంటే, నానమ్మ వెనక నుంచి "నిన్నటి నుంచీ ఒకటే మూలుగు" అంటుంది. కరెంటు మీటరు చూసే అతను తలుపు కొట్టి ఇంటాయన పేరడిగితే ముగ్గురు ఒకేసారి చెబుతారు, ఇంటాయన తప్ప. అందులో తప్పేమైనా ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. మనుషులన్నాక ఒకరికొకరు ఆ మాత్రం సాయం ఉండొద్దా అన్నట్టుండేది వాళ్ళ వరస.

ఇంటాయన బస్సు డ్రైవరు. తొమ్మిదో నంబరు బస్సు. మాట తక్కువ మనిషి. ఆయన నోరు తెరిచి, మొదటి మాట పెదవుల దాకా వచ్చేలోపు వదిన రెండో మాట, మూడో మాట పూర్తి చేసి ముగించేది. ఆయన నోరు మూసుకునేవాడు. పెళ్ళైనప్పటి నుంచీ అలాగే సాగింది, ఎవరికీ ఇబ్బంది కాలేదు.

ఒకరోజు మధ్యాహ్నం వంతెన దాటాక వచ్చే మలుపులో ఆయన బస్సు పక్కకు తీసి ఆపాడు. ఇంజను ఆపాడు. తలుపులు తెరిచాడు. దిగి, ఫుట్‌పాత్ అంచు మీద కూర్చున్నాడు. బస్సు నిండా జనం. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఎవరూ అడ్డం రాలేదు, టైరు పేలలేదు. ఏమైందని కండక్టరు అడిగితే, చేతులు రెండూ ముందుకు చాపి చూసుకుంటూ కూర్చున్నాడే తప్ప ఉలుకూ పలుకూ లేదు. ఆ రోజు నుంచి స్టీరింగు ముట్టుకోలేదు. ముట్టుకోవడం అటుంచి, బస్సు ఎక్కడం లేదు.

"వెన్ను నొప్పండీ. ఏళ్ళ తరబడి కూర్చుని నడిపితే ఊరికే ఉంటుందా" అని వదిన అందరికీ చెప్పింది. ఆయన్ని అడగలేదు. ఏదో ఒకటి చెప్పాలి కదా.

డిపో వాళ్ళు ఆరోగ్య కేంద్రానికి పంపారు. అక్కడ మనసు బాగోలేని వాళ్ళకోసం ఒక్కతే కౌన్సెలరు. ఆమె గది ముందు ఎప్పుడు చూసినా కుర్చీలన్నీ నిండి ఉంటాయి. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయనతో పాటు వదిన కూడా లోపల కూర్చుంది. కూర్చున్నంత సేపూ ఆయన నిద్ర గురించి, ఆకలి గురించి, చిన్నప్పుడు ఆయన చెట్టు మీంచి పడ్డ సంగతి గురించి వదినే చెప్పింది. ఆయన రెండుసార్లు దగ్గాడు. లేచేటప్పుడు కౌన్సెలరు మెల్లగా, "ఈసారి ఆయన్ని ఒక్కరినే చూస్తానమ్మా" అంది. వదినకు అది నచ్చలేదు. ఒక్కడూ వెళ్ళి ఏం చెబుతాడు, గోడకేసి చూసి వస్తాడు.

రెండోసారి పిలిచేదాకా రోజూ ఒక యంత్రం ఫోన్ చేసి యోగక్షేమాలు అడుగుతుందని అక్కడే చెప్పారు. కృత్రిమ మేధ అంటారట. అది మనిషిలా అడుగుతుంది, విన్నది కుదించి కౌన్సెలరుకు పంపుతుంది. "వైద్యం చేసేది అది కాదు. ఇది కేవలం పలకరింపు. ఇష్టం లేకపోతే వద్దనొచ్చు. పెట్టమంటారా?" అని కౌన్సెలరు ఆయన్నే చూస్తూ అడిగింది. "ఆయనకేం అభ్యంతరం, పెట్టండి" అంది వదిన.

ఇంటికొచ్చాక దాన్ని ఫోనులో కూతురు పెట్టింది. ప్రతిదానికీ వాదిస్తుందని ఆ పిల్లని ఇంట్లో లాయరు అంటారు. కాలేజీకి వెళ్తుంది. ఫోనులో ఆడగొంతు వినపడేసరికి వదిన అత్తగారు దానికి ఫోన్‌పిల్ల అని పేరు పెట్టేసింది. పొద్దున ఒకసారి మోగేది, ఎత్తకపోతే సాయంత్రం ఇంకోసారి. మొదటి వారం ఆయన ఎత్తి "ఊ", "లేదు", "ఏమో" అన్నాడు. తరవాత ఫోను ఫ్రిజ్ మీద పెట్టి బాల్కనీలోకి వెళ్ళిపోవడం మొదలుపెట్టాడు.

అలా నెలలు గడిచాయి. ఆయన మొక్కల తొట్టి పక్కన కుర్చీ వేసుకుని, కింద రోడ్డు మీద పోయే బస్సుల్ని చూడకుండా, ఎదురింటి గోడను చూసేవాడు. పిలిస్తే భోజనానికి వచ్చేవాడు. వదినకు తల ప్రాణం తోకకొచ్చింది. మాట్లాడని మనిషితో ఎలా పోట్లాడాలో ఆమెకు తెలియదు. ఎంత తిట్టినా గోడకు చెప్పినట్టుండేది.

అలాంటిది, ఇంకో మూడు రోజుల్లో గురువారం కౌన్సెలరు రెండోసారి రమ్మందనగా, సోమవారం, ఆమె కొట్టుకు బయలుదేరుతూ చెప్పులు వేసుకుంటుంటే, ఆయన బాల్కనీ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"గురువారం నువ్వు రావద్దు" అన్నాడు.

"ఎక్కడికి?"

"ఆ మేడమ్ దగ్గరికి. ఆవిడకి నేను ఒకటి చెప్పాలి."

వదినకు చెప్పు ఒక కాలికే ఉండిపోయింది. "ఏం చెప్పాలి? నాకు చెప్పండి, నేను..."

"నేను చెప్తాను" అని ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ రోజంతా కొట్లో ఆమె చేసిన పని ఒక్కటీ సరిగ్గా లేదు. ఒక కోటుకు జిప్పు తలకిందులుగా కుట్టి మళ్ళీ ఊడదీసింది. ఇన్నాళ్ళకు ఆ మనిషి నోటంట ఒక మాట రాబోతోంది. అదేమిటో తెలియక ఆమెకు కాలు నిలవడం లేదు, అది వస్తుందన్న సంతోషమూ ఉంది. గురువారం దాకా ఆయన మనసు మారకుండా ఉంటే చాలు అనుకుంది. మారితే మళ్ళీ ఆ గోడే.

మంగళవారం ఫోనుకు సందేశం వచ్చింది. లాయరు గట్టిగా చదివింది. "మీ ఆరోగ్యం చక్కగా మెరుగుపడుతున్నందుకు అభినందనలు. బాగా నిద్రపోతున్నారు, ఉత్సాహంగా ఉంటున్నారు. అందువల్ల గురువారం మీకిచ్చిన సమయాన్ని అత్యవసరమైన మరొకరికి కేటాయించాం. రెండు నెలల తరవాత కలుద్దాం."

ఆయన బాల్కనీలోంచి విన్నాడు. "మంచిది" అని కుర్చీ గోడవైపు తిప్పుకున్నాడు.

వదినకు అరికాలి మంట నెత్తికెక్కింది. కొట్టు షట్టరు తీయకుండానే ఆరోగ్య కేంద్రానికి వెళ్ళింది. అక్కడ అద్దం వెనక కూర్చున్న గుమాస్తా కంప్యూటరు చూసి, "ఆకుపచ్చ చూపిస్తోందమ్మా" అన్నాడు.

"ఏం ఆకుపచ్చ?"

"బాగున్నవాళ్ళకి ఆకుపచ్చ, ఫర్వాలేదంటే పసుపు, బాగోలేని వాళ్ళకి ఎరుపు. మీవారిది మూడు వారాల నుంచీ ఆకుపచ్చే. చాలామందికి ఇంత బాగా రాదు."

"నాయనా, ఆ మనిషి ఇంట్లో నిలువెత్తు బీరువాలాగా కూర్చున్నాడు. నీ ఆకుపచ్చ తీసుకెళ్ళి ఎక్కడ పెట్టుకోను?"

"యంత్రం అబద్ధం చెప్పదమ్మా."

"అయితే నేను చెబుతున్నానా?"

"నేనలా అన్నానా? సందేశం వచ్చిందంటే సిస్టమ్ మార్చేసినట్టే. నా చేతిలో లేదు."

"ఎవరి చేతిలో ఉందో వాళ్ళని పిలువు. చేతుల్లేని దాంతో నేను మాట్లాడను."

వెనక కుర్చీల్లో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ గొడవకు కౌన్సెలరు గది తలుపు తెరిచి బయటికొచ్చింది. కళ్ళ కింద నల్లటి చారలు, చేతిలో సగం తాగిన టీ. వదినను గుర్తుపట్టి పక్కకు తీసుకెళ్ళింది. విషయం విని గుమాస్తా వెనక నిలబడి తెరమీద ఏదో చదివింది. చదువుతూ చదువుతూ కనుబొమలు దగ్గరికి తెచ్చింది.

"ఏముంది అందులో? చూపించండి" అని వదిన మెడ చాచింది.

కౌన్సెలరు తెరను తిప్పేసింది. "చూపించకూడదమ్మా. ఇందులో ఉన్నవి ఆయన మాటలు."

"నేను ఆయన భార్యని."

"తెలుసు. అయినా ఆయన ఒప్పుకుంటేనే." ఆమె టీ కప్పు బల్ల మీద పెట్టి, "ఒకటి మాత్రం అడుగుతాను. ఈ ఫోను ఆయన చేతిలోనే ఉంటోందా?"

"ఆయన ఫోను ఆయన దగ్గరే ఉంటుంది" అని వదిన ఠక్కున చెప్పేసింది. చెప్పాక, కాసేపటికి ఫ్రిజ్ గుర్తొచ్చింది.

"ఇవాళ సాయంత్రం ఐదింటికి ఒకరు రావట్లేదన్నారు. ఆ సమయం ఆయనకిస్తాను. ఆయన్నే రమ్మనండి" అంది కౌన్సెలరు. "రాకపోతే నేను బలవంతంగా ఏమీ చేయలేను. గురువారం ఇంకొకరికి ఇచ్చేశారు, వాళ్ళ పరిస్థితి కూడా..." అని మాట ఆపేసి గదిలోకి వెళ్ళిపోయింది.

వదిన ఇంటికి వచ్చేసరికి అత్తగారు సోఫాలో కాళ్ళు చాపుకుని మోకాళ్ళకు నూనె రాసుకుంటోంది. లాయరు నేల మీద పుస్తకాలు పరుచుకుని ఉంది. ఆయన బాల్కనీలోనే.

"అత్తయ్యా, ఫోన్‌పిల్లతో ఎవరు మాట్లాడుతున్నారు?"

అత్తగారు నూనె గిన్నె మీద మూత పెట్టింది. మూత సరిగ్గా కూర్చోనట్టు మళ్ళీ తీసి పెట్టింది. "ఎవరు మాట్లాడితే ఏంటమ్మాయ్? రోజూ వేళకి అడుగుతుంది పాపం. ఇంట్లో మనుషులుండీ ఎవరూ పలకకపోతే ఏమనుకుంటుంది?"

"అది ఏమీ అనుకోదు, అది యంత్రం."

"అయితే మాత్రం? మా అబ్బాయి ఎలా ఉన్నాడంటే బాగోలేడని చెప్పమంటావా ఏంటి, ముక్కూ మొహం తెలియని దానికి. బాగున్నాడని చెప్పాను. తిన్నాడన్నాను. నిజమే కదా, తిన్నాడు."

"మాట్లాడేది ఆయనేనా అని అడగలేదా అది?"

"అడిగింది. ఒకసారి కాదు, బోలెడు సార్లు అడిగింది. అవునన్నాను. వాడి సంగతి వాడికంటే నాకు బాగా తెలుసు, కన్నదాన్ని."

లాయరు పుస్తకంలోంచి తలెత్తకుండా, "నానమ్మా, నువ్వు నీ మోకాళ్ళ నొప్పులు కూడా చెప్పావు. తాతయ్య పోయిన సంగతి కూడా" అంది.

"నువ్వెప్పుడు విన్నావే?"

"గోడ అవతలే కదా నా మంచం."

"అడిగింది కాబట్టి చెప్పాను. ఎంత ఓపిగ్గా వింటుందో. మీలాగా మధ్యలో లేచిపోదు" అని అత్తగారు మూతి ముడుచుకుంది. "మీరు ఎవరైనా మనిషితో మాట్లాడితే బాగుంటుంది అని కూడా అంది. ఈ ఇంట్లో ఆ మాట ఎవరన్నారు నాతో?"

వదిన తల పట్టుకుంది. అంతలో ఆమెకు ఒక అనుమానం వచ్చింది. "బాగా నిద్రపోతున్నారు, ఉత్సాహంగా ఉన్నారు, ఇవి మీ నానమ్మ మాటలు కావు. ఉత్సాహం అన్న మాట ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు" అని కూతురి వైపు తిరిగింది.

లాయరు నీళ్ళు నమిలింది. వాదించే పిల్ల వాదించకపోయేసరికి వదినకు భయమేసింది.

"ఒకరోజు నానమ్మ ఎత్తలేదు, నేనెత్తాను" అంది చివరికి. "నాన్న నిద్రపోవట్లేదని నిజమే చెప్పాను అమ్మా. వెంటనే అది, మీ కౌన్సెలరుకి ఇవాళే తెలియజేస్తాను అంది. నాన్నని ఎక్కడికైనా తీసుకెళ్ళి ఉంచేస్తారేమో అనిపించింది. అందుకని మర్నాటి నుంచి బాగుందని చెప్పాను. ఏం చెబితే ఊరుకుంటుందో నాకు తెలిసిపోయింది. అలాగే చెప్పాను."

పిల్ల కళ్ళల్లో నీళ్ళు చూసి వదిన కోపం సగం దిగిపోయింది. "లాయరట లాయరు" అని గొణిగి, "సరే, మీ ఇద్దరి వల్ల ఆయన గురువారం పోయింది. నేనొక్కదాన్ని ఈ ఇంట్లో..."

"నువ్వు కూడా చెప్పావు."

ఆ మాట బాల్కనీ గుమ్మంలోంచి వచ్చింది. ఆయన తలుపుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"నేనా? నేనెప్పుడు..."

"నీ ఫోను పాడై నాది కొట్టుకి తీసుకెళ్ళావు. కొన్నాళ్ళు. పొద్దున అది మోగే వేళకి ఫోను నీ దగ్గరే ఉండేది."

వదినకు అప్పుడు గుర్తొచ్చింది. మోకాళ్ళ మధ్య పెట్టె, పళ్ళ మధ్య సూది, ఎదురుగా ముగ్గురు గిరాకీ, చెవి దగ్గర ఆ గొంతు. "ఆ, బాగానే ఉన్నా, గిరాకీ ఉంది, తీరిక లేదు, పెట్టేయ్" అని తను కూడా అంది. ఎవరు, ఏమిటి అని కూడా చూడలేదు. బీమా వాళ్ళో, ఇంకెవరో అనుకుంది.

"పనిలో ఉన్నానండీ" అంది.

"అవును. అందరూ పనిలోనే ఉన్నారు" అన్నాడు ఆయన. గొంతు పెద్దది చేయలేదు. చేసి ఉంటే బాగుండేది, పోట్లాడ్డం ఆమెకు అలవాటే. "బాగున్నానని మీరే చెప్పారు. వెన్ను నొప్పని మీరే చెప్పారు. ఆ మేడమ్ దగ్గరికి కూడా మీరే వెళ్ళండి. ముగ్గురూ కలిసి వెళ్ళండి. బాగైపోతాను."

"అబ్బాయ్, అంత మాటెందుకురా" అంది అత్తగారు.

"అమ్మా, నేను మాట్లాడుతున్నాను."

అంత పొడుగు మాట ఆయన ఆ మలుపు దగ్గర బస్సు దిగాక ఆడలేదు. దిగకముందు కూడా ఆడాడో లేదో. వదిన నాలుక కొస మీదికి వచ్చిన మాటలు ఒకటి కాదు. మీ మంచికే కదా, మీరు పలికితే మాకేం పని, ఇంత చేస్తే చివరికి ఇదా. అన్నీ మింగింది. మింగడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది ఆమెకు.

"ఐదింటికి రమ్మంది" అని మాత్రం అంది. "మిమ్మల్నే."

ఆమె వంటింట్లోకి వెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. అత్తగారు ఏదో అనబోతే నోటిమీద వేలు పెట్టి చూపించింది. గడియారం నాలుగు దాటాక గదిలో బీరువా తలుపు చప్పుడైంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. డిపోకు వేసుకెళ్ళే చొక్కా కాదు, వేరేది.

"నడిచి వెళ్దాం" అన్నాడు. వెళ్తాను అనలేదు, వెళ్దాం అన్నాడు. వదిన అది విననట్టు చెప్పులు వెతుక్కుంది.

కౌన్సెలరు గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు, కిటికీలో ఎండిపోయిన మొక్క. ఆమె ఆయన్ని కూర్చోబెట్టి, "ఎలా ఉన్నారు?" అని అడిగింది.

వదిన నోరు తెరుచుకుంది. కౌన్సెలరు ఆమె వైపు చూడనైనా చూడలేదు. ఆయనా చూడలేదు. వదిన నోరు మూసుకుని, చేతిసంచి జిప్పు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. ఎంత సేపటికీ ఎవరూ మాట్లాడరు. నరకంలో ఏం చేస్తారో కానీ ఇంతకంటే ఎక్కువ చేయరని ఆమెకు అనిపించింది.

"ఆ యంత్రం నా గురించి ఏం రాసిందో చదవండి" అన్నాడు ఆయన ఎట్టకేలకు.

"మీ ఆవిడ ఉండగా చదవొచ్చా?"

"చదవండి. వాళ్ళు చెప్పినవే కదా."

కౌన్సెలరు తెర చూస్తూ చదివింది. నిద్ర చాలా బాగుంది. ఉత్సాహం పెరిగింది. మోకాళ్ళు బాధిస్తున్నాయి, ముఖ్యంగా మెట్లెక్కేటప్పుడు. చనిపోయిన భర్త తరచు గుర్తొస్తున్నారు. పనిలో తీరిక లేదు, గిరాకీ ఎక్కువగా ఉంది.

చనిపోయిన భర్త అన్న మాట దగ్గర ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమో అనుకుని వదిన లేవబోయింది. నవ్వుతున్నాడు. చప్పుడు లేని నవ్వు, కళ్ళు తుడుచుకునేంత నవ్వు.

"ఈయనెవరో గానీ, నాకంటే హాయిగా ఉన్నాడు" అన్నాడు.

కౌన్సెలరు నవ్వలేదు. "ఇది చదివి నాకు అనుమానం రావలసింది. రోజూ పంపింది, ఒకరోజు ఎరుపు వచ్చినా మర్నాటికి ఆకుపచ్చ అయ్యేసరికి నేను రంగు చూసి వదిలేశాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎక్కువ, నేనొక్కదాన్ని. అది సాకే అనుకోండి. ఎవరి గొంతో గుర్తుపట్టేలా కూడా మేమే పెట్టలేదు. మనుషుల గొంతులు దాచిపెట్టుకోవడం మంచిది కాదనుకున్నాం. అంతవరకూ సరే. కానీ మనిషిని చూడకుండా, ఆ మనిషి సమయాన్ని యంత్రం మార్చేలా ఉండకూడదు. అది ఇవాళే ఆపించాను. ఇక మీదట మార్చాలంటే నేనే మీతో మాట్లాడతాను, మీతోనే." ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. "అసలు అది రోజూ మీకు ఫోన్ చేయడం మీకిష్టమేనా? మొదటిసారి అడిగినప్పుడు మీరు చెప్పలేదు."

వదిన నేల చూపులు చూసింది.

ఈసారి ఆయనే చెప్పాడు. "చేయనివ్వండి. నేను ఎత్తని రోజు ఎత్తలేదని రాసుకోమనండి. అంతే."

"ఇంట్లో వేరే వాళ్ళు ఎత్తితే?"

"ఎత్తరు" అని, భార్య వైపు ఒకసారి చూశాడు.

"ఆ మోకాళ్ళ నొప్పుల ఆవిడని కూడా ఒకసారి రమ్మనండి. ఆవిడ పేరు మీదే" అంది కౌన్సెలరు. తరవాత వదిన వైపు తిరిగి, "అమ్మా, మీరు కాస్త బయట కూర్చుంటారా?" అంది.

వదిన బయట కూర్చుంది. తలుపు మూసుకుంది. తలుపు మంచి కర్రతో చేసినది, ఒక్క అక్షరం బయటికి రాలేదు. ఎదురుగా గుమాస్తా కంప్యూటరు కట్టేసి సంచి సర్దుకుంటున్నాడు. సంచి జిప్పు సగంలో ఆగిపోయింది. వదిన చూస్తూ ఊరుకుంది కాసేపు. ఊరుకోలేక లేచి వెళ్ళి లాక్కుని సరిచేసి ఇచ్చింది. "యంత్రం అబద్ధం చెప్పదన్నావుగా" అంది.

"అది చెప్పలేదు కదమ్మా, మీరు చెప్పారు."

ఆ మాటకు ఆమె ఒళ్ళు మండిపోయింది. వెనక్కొచ్చి కూర్చుంది. లోపల ఆయన అంతసేపు ఏం చెబుతున్నాడో. తన గురించా? చెప్పే ఉంటాడు. ఇన్నేళ్ళు నోరు తెరవనివ్వలేదని చెబుతున్నాడేమో. చెప్పనీ. అబద్ధమైతే కాదు కదా. అయినా అన్నీ ముందే చెప్పిపెట్టే మనిషి ఇంట్లో ఉంటే ఆయనకు నోరు తెరవాల్సిన అవసరం ఏముంది అని తనను తనే వెనకేసుకొచ్చింది. మళ్ళీ వెంటనే, ఆ మాత్రం ఆగి ఉండాల్సిందేమో అనుకుంది. ఎటు తిరిగినా చిరాకే.

తలుపు తెరుచుకునేసరికి బయట కుర్చీలన్నీ ఖాళీ. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "వచ్చే వారం నుంచి గురువారం గురువారం రమ్మంది" అన్నాడు. వదిన అడగలేదు. అడగకుండా ఉండటానికి పళ్ళు బిగపట్టి నడిచింది.

బస్టాపు ముందు నుంచి వస్తుంటే, బడి దగ్గర పెన్సిళ్ళూ రబ్బర్లూ అమ్ముకునే ఆవిడ బుట్టతో నిలబడి ఉంది. రోజూ తొమ్మిదో నంబరులోనే వెళ్ళే మనిషి. వీళ్ళను చూసి దగ్గరికొచ్చి, ఆయన పక్కనే ఉన్నా, వదిననే అడిగింది. "వదినా, అన్నయ్యకి వెన్ను నొప్పి తగ్గిందా?"

వదిన నోట్లో జవాబు తయారుగా ఉంది. నెలల తరబడి వాడిన జవాబు, నున్నగా జారి వచ్చేస్తుంది. ఆమె ఆయన వైపు చూసింది.

"వెన్ను నొప్పి కాదమ్మా" అన్నాడు ఆయన. "చేతులు స్టీరింగు మీద పెడితే నావి కానట్టుంటున్నాయి. భయమేస్తోంది. ఇప్పుడే చూపించుకుని వస్తున్నాను."

బుట్టావిడ ఆయన్ని, ఆయన చేతుల్ని చూసింది. "అలాగా" అంది. బుట్ట రెండో చేతికి మార్చుకుని, "మీ బస్సు నడిపే కొత్తాయన వంతెన దిగాక బ్రేకు ఎలా వేస్తాడనుకున్నారు, పెన్సిళ్ళన్నీ కింద పడతాయి. మీరు నెమ్మదిగా బాగవండి. తొందరేం లేదులే. కొంచెం తొందరగానే అయితే మంచిది" అంది.

ఆయన తలూపాడు.

వదిన మనసులో పళ్ళు నూరుకుంది. వెన్ను నొప్పని ఎంతమందికి చెప్పిందో, ఏ ఏ వివరాలు అతికించి చెప్పిందో, కట్టు కట్టారని కూడా ఒకరిద్దరికి చెప్పింది. రేపు తెల్లారేసరికి ఈ మాట బస్టాండంతా తిరుగుతుంది, జనం పెట్టెలు పట్టుకుని వచ్చి అడుగుతారు.

"ఇంట్లో అత్తయ్య తలుపు తీయకముందే అడుగుతుంది, మేడమ్ ఏం చెప్పిందని" అంది ఆయనతో. "ఏం చెప్పమంటారు?"

"నువ్వేం చెప్పకు."

"మరి?"

"నేనున్నాను కదా" అన్నాడు ఆయన.

దానికి కూడా ఏదో అనాలనిపించింది ఆమెకు. సందు మలుపు తిరిగేదాకా అనాలనే అనిపించింది.